వెనక్కి తిరగనందుకు

నేను బతికి ఉండడం మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌కు నచ్చలేదు. కోపంలో అంటున్నాననుకుంటారేమో. కోపంలోనే అంటున్నాను, అయినా అది నిజమే. చచ్చిపోయి ఉంటే నా ఫోటోకు దండ వేసి, "మంచి పిల్ల, పాపం" అని రెండు ముక్కలు మాట్లాడి ఇంటికి పోయేవాడు. బతికి, విమానం ముక్కు విరగ్గొట్టి, ఎర్రమట్టి కొట్టుకున్న బూట్లతో ఎదురుగా వచ్చి నిలబడ్డాను. అది ఆయన సహించలేకపోయాడు.

మక్తల్ దాటాక కర్ణాటక వైపు, ఎర్ర నేలల మధ్య ఒక ప్రైవేటు ఫ్లయింగ్ స్కూలు ఉండేది. ఒక రన్‌వే, రెండు రేకుల షెడ్లు, కొన్ని చిన్న విమానాలు, ఒక రేడియో గది, అంతే. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను అందులో చేరాను. మాది రామన్నపేట. మా తాత కాలం దాకా మాకు గుంట భూమి లేదు. బాపు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్ అయ్యాకే ఇంట్లో నెల జీతం అనే మాట వినబడింది. నాది సర్కారు స్కాలర్‌షిప్ మీద వచ్చిన సీటు. స్కూలు వాళ్లు "ఈమె పనికిరాదు" అని ఒక్క మాట పైకి పంపితే సీటు పోతుంది, పైలట్ లైసెన్సు ఆశ కూడా దాంతోనే పోతుంది. ఆ సంగతి నాకు ఎంత బాగా తెలుసో చీఫ్ సార్‌కు కూడా అంతే బాగా తెలుసు.

సార్‌కు నా మాట మొదటి నుంచీ గిట్టదు. రేడియోలో ఎలాగూ అందరం ఇంగ్లిష్‌లోనే మాట్లాడతాం. కిందికి దిగాక నేను "గట్లనే సార్" అంటే చాలు, మొహం చిట్లించేవాడు. "అలాగే అనడానికి నోరు తిరగదా? ఇది మీ ఊరి బస్టాండు కాదమ్మాయ్" అనేవాడు. తిరుగుతుంది సార్, తిప్పాలనిపించదు, అని మనసులో అనుకునేదాన్ని. అంత గట్టిగా అనుకున్నది మొహంలో కనబడకుండా ఉంటుందా? కనబడేదే అనుకుంటాను.

ఆ రోజు ఎండాకాలం మొదలవుతున్న రోజుల్లో ఒక పొద్దున. నేనొక్కదాన్నే ఎగరాలి, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా. అప్పటికి ఒంటరిగా ఎగరడం నాకు కొత్త కాదు. నేల వదిలాను. చెట్లు కిందికి జారాయి. రన్‌వే చివర దాటి నాలుగు వందల అడుగుల ఎత్తుకు చేరేసరికి ఇంజిన్ రెండుసార్లు దగ్గింది, తర్వాత మూగబోయింది. ప్రొపెల్లర్ మాత్రం గాలికి ఊరికే తిరుగుతోంది.

విమానం ఎక్కనివాళ్లకు ఇది చెప్పాలి. అలాంటప్పుడు రన్‌వే వెనకనే ఉంటుంది. మెడ తిప్పితే కనబడేంత దగ్గర. ఒంట్లో ఉన్న ప్రాణమంతా అటే లాగుతుంది. కానీ ఇంజిన్ లేని విమానం తిరగాలంటే ఎత్తును ఖర్చు పెట్టాలి. సగం తిరిగితే చాలదు, పక్కకు పోయిన దూరం కూడా కలిపి ఇంకా ఎక్కువ తిరగాలి. నేల మీదికి వస్తోందన్న భయంతో ముక్కు పైకెత్తి, రెక్కను ఇంకా వంచుతాం. అప్పుడు రెక్కకు గాలి పట్టు తప్పుతుంది. విమానం తలకిందులుగా నేలలోకి పోతుంది. అంత తక్కువ ఎత్తులో ఇంజిన్ ఆగితే ముందున్న జాగాలోనే దిగాలని మొదటి వారంలోనే నేర్పుతారు. మాకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ నేర్పింది ఎవరనుకున్నారు? చీఫ్ సారే.

నేను ముక్కు దించాను. రేడియోలో ఒక్క మాట చెప్పాను. ముందున్న నేల చూశాను. ఎడమ పక్కన బండరాళ్లు, తుమ్మ కంపలు. ఎదురుగా కరెంటు స్తంభం. లైన్‌మన్ బిడ్డను, స్తంభం కనబడితే తీగ ఎటు పోతుందో వెతుక్కోవాల్సిన అవసరం లేదు. కొద్దిగా కుడికి జరిగాను. అక్కడ పీకేసిన పల్లి చేను ఉంది. మొక్కలు పీకి, ఎండడానికి కుప్పలు పెట్టారు. చక్రాలు తగిలాయి, ఎగిరాయి, మళ్లీ తగిలాయి. మెత్తటి మట్టిలో ముందు చక్రం దిగబడి విరిగింది. విమానం ఒక కుప్పలోకి ముక్కు దూర్చి ఆగింది. అద్దం నిండా పల్లి ఆకులు.

బెల్టు విప్పుకుని దిగేసరికి చేను యజమానురాలు కొంగు నడుముకు చెక్కుకుని పరుగెత్తుకొస్తోంది. నన్ను పట్టుకుని ఏడుస్తుందేమో అనుకున్నాను.

"నీకు నా చేనే దొరికిందా? ఇంత భూమి పడి ఉంటే నా కుప్పల మీదికే వచ్చినవా?" అని అరిచింది. అరుస్తూనే నా భుజాలు, చేతులు తడిమి చూసింది. "దెబ్బ తాకలే గద? తాకలే. ఇగ జెప్పు, మా కుప్పకు ఎవరు జవాబు?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ రోజంతటిలో నాతో న్యాయంగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

స్కూలు జీపు వచ్చింది. చీఫ్ సార్ దిగి నా వైపు చూడనైనా లేదు. విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగిపోయిన ప్రొపెల్లర్‌ను చెయ్యి పెట్టి చూశాడు. అప్పుడే మా అమ్మ ఫోను. స్కూల్లో ఎవరో ఇంటికి చెప్పేశారు. అమ్మ ఏడుపుకు మాట పెగలడం లేదు.

"గా రన్‌వే మీదికే మర్లి రాకపోయినవా బిడ్డా? చేన్ల పడుడేందే?"

మర్లడం అంటే మా దగ్గర వెనక్కి తిరగడం. అమ్మకు రెక్కల సంగతి, గాలి సంగతి అప్పుడు చెప్పి లాభం లేదు. ముందు ఏడుపు ఆపాలి. మా ఇల్లు చర్చికి పోయే ఇల్లే. అయినా అమ్మ శకునాలు వదల్లేదు. పిల్లి ఎదురొస్తే "ప్రభువా" అని దండం పెట్టి మరీ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టేది. బయల్దేరినవాళ్లు ఏదన్నా మరిచిపోయినా సరే, వెనక్కి రానిచ్చేది కాదు. వాకిట్లో నిలబడమని తనే తెచ్చి ఇచ్చేది. ఒకసారి పరీక్షకు పోతూ పెన్ను మరిచిపోయి ఇంట్లోకి వచ్చినందుకు నన్ను కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ మొదటి నుంచి బయల్దేరదీసింది. బస్సు పోయింది. ఆ కథ మా ఇంట్లో ఏళ్ల తరబడి నవ్వుకున్న కథ.

అందుకే అన్నాను. "ఒకసారి బయల్దేరినంక మర్లొద్దని నువ్వే కదనే నేర్పింది. గందుకే మర్లలే."

అమ్మ ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది. "నీ నోరు పడ" అంది. నాకు అంతే కావాలి. ఫోను పెట్టేసి వెనక్కి చూస్తే చీఫ్ సార్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడు. మొహంలో చిన్న నవ్వు. పోగొట్టుకున్న తాళంచెవి దొరికినవాడి నవ్వు.

మర్నాడు పొద్దున అందరినీ క్లాసుగదిలో కూర్చోబెట్టాడు. నన్ను ముందు వరుసలో.

"మీలో ఒకరికి రన్‌వే వెనకే ఉంది. ఎత్తు ఉంది. చేతిలో విమానం ఉంది. ఎందుకు తిరగలేదో తెలుసా? బయల్దేరాక వెనక్కి తిరిగితే అరిష్టమట! వాళ్లమ్మ చెప్పిందట! నా చెవులారా విన్నాను."

గది పగిలిపోయేలా నవ్వారు. నేను లేచాను. "సార్, అది మా అమ్మ ఏడుస్తుంటే నవ్వియ్యనీకి అన్న మాట. తక్కువ ఎత్తుల మర్లొద్దని మీరే గా బోర్డు మీద..."

"కూర్చో. చాతకానివాళ్లకు చెప్పేది అది. నాలుగు వందల అడుగులంటే చాతనైనవాడికి చాలు."

నిన్నటి దాకా సూత్రం, ఇవాళ చాతకానివాళ్ల సూత్రం! విమానం ఎందుకు పాడైందని స్కూలు యజమానులు ఆయన్ని నిలదీశారని తర్వాత తెలిసింది. ఇంజిన్ విప్పి చూస్తే పెట్రోలు వచ్చే గొట్టంలో చెత్త అడ్డుపడి ఉందట. విమానాలు బాగుచేసే షెడ్డు కూడా ఆయన కిందిదే. షెడ్డు మీదికి రాకుండా ఉండాలంటే మాట నా మీదికి రావాలి. ఇంజిన్ ఆగితే ఆగింది, పిల్ల తిరిగి వచ్చి ఉంటే విమానం దక్కేది, అనే కథ ఆయనకు కావాలి. దానికి నేనే నా నోటితో సాక్ష్యం ఇచ్చినట్టయింది. ఇందులో తప్పు చేసింది నేనని ఇప్పటికీ అనుకోను. ఏడుస్తున్న తల్లిని నవ్వించడం ఏ సూత్రం ప్రకారం నేరం?

నాకు పేరు పడింది. "శకునం". మెస్సులో, వరండాలో, రేడియో గదిలో. నా బ్యాచ్‌లోనే ఒకడు పెట్టాడు. నేను ఎదురొస్తే ఆగి, వెనక్కి పోయి, కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగేవాడు. మిగతావాళ్లు పొట్ట పట్టుకునేవాళ్లు. వీళ్లలో సగం మంది కొత్త బండి కొంటే నిమ్మకాయలు తొక్కించే ఇళ్ల పిల్లలే. స్కూలు షెడ్డు తలుపుకు గుమ్మడికాయ వేలాడుతుండేది, అది సార్ స్వయంగా కట్టించింది. అది ఆచారం. మా అమ్మది మూఢనమ్మకం. తేడా ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, నేను అడగాల్సిన అవసరమూ లేదు.

ఎగరడం ఆపేశారు. విచారణకు విమాన శాఖ ఆఫీసరు వచ్చే దాకా క్లాసుగదిలో కూర్చోమన్నారు. ఒకరోజు సార్ పిలిచాడు. ఈసారి గొంతు తేనె పూసినట్టుంది.

"చూడమ్మా, ఆఫీసరు ముందు ఒక్క మాట చెప్పు. భయపడ్డాను, తిరిగి రావాల్సింది, రాలేకపోయాను అని. చిన్నపిల్లవు, క్షమిస్తారు. నేను మళ్లీ ఎక్కిస్తాను. చెప్పకపోతే నువ్వు ఎగరడానికి పనికిరావని నేనే చెప్పాల్సి వస్తుంది."

అది బెదిరింపు అని పేరు పెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నేను లేచి బయటికి వచ్చాను. ఆయన ఊరుకోలేదు, బాపుకు ఫోను చేశాడు.

బాపు రామన్నపేట నుంచి బస్సులు మారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చర్చికి వేసుకునేది. సార్ గదిలోకి నాకంటే ముందే పోయాడు. నేను వెళ్లేసరికి చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. సార్ కూర్చునే ఉన్నాడు. ఎదురుగా రెండు ఖాళీ కుర్చీలు ఉన్నాయి.

"పిల్లకు తెల్వదు సార్. చెప్పుతది. నేను చెప్పిపిస్త."

వానలో, గాలిలో, తెగిన తీగల మధ్య స్తంభం ఎక్కే మనిషి మా బాపు. ఆయన చేతులు అలా చూసి నాకు ఒళ్లు మండిపోయింది. సార్ మీద ఎంత మండిందో బాపు మీద కూడా అంతే మండింది.

"బాపూ, చేతులు దించు."

"నువ్వు ఊకో బిడ్డా."

"దించు అంటున్న. కుర్చీల కూసో, లేకుంటే బయటికి పోదాం నడు."

బయట వేపచెట్టు కింద బాపు బతిమాలాడు. "నోటి మాటే గద. అంటే ఏం పోతది? సీటు ఉంటది."

"నువ్వు లైన్ మీద ఉన్నప్పుడు ఎవడో కరెంటు ఇడిచిండనుకో. నువ్వు కిందికి దుంకి బతికినవ్. దుంకుడే తప్పని చెప్పుమంటె చెప్తవా?"

"చెప్ప" అన్నాడు బాపు. తర్వాత ఊరికి పోవడానికి చిట్యాల వైపు బస్సు ఎన్నింటికో అడిగాడు.

విచారణకు వచ్చిన ఆఫీసరు పెద్దవయసు మనిషి, తక్కువ మాటలు. చీఫ్ సార్ అరగంట మాట్లాడాడు. శకునం కథ ఈసారి ఇంకాస్త పెరిగింది, అందులో నేను గాలిలోనే దేవుణ్ని తలుచుకుని కళ్లు మూసుకున్నాను కూడా. ఆఫీసరు నా వైపు తిరిగాడు.

"శకునం భయంతో తిరగలేదా?"

"కాదు సార్. మర్లితె సచ్చేదాన్ని. గందుకు మర్లలే. గా మాట మా అమ్మను నవ్వియ్యనీకి అన్న."

"తిరిగి ఉండాల్సింది అనుకుంటున్నావా?"

చీఫ్ సార్ నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో నా సీటు ఉంది, బాపు ఇస్త్రీ చొక్కా ఉంది. భయం వేసింది, చేనులో దిగినప్పటి కన్నా ఎక్కువ.

"అనుకోను సార్. రేపు గట్లనే అయితే గట్లనే దిగుత."

"మొండి!" అని సార్ బల్ల మీద చెయ్యి వేశాడు. "ఆ ఎత్తు నుంచి నేనైతే కళ్లు మూసుకుని తిరిగొస్తాను."

"మూసుకోనక్కర్లేదు" అన్నాడు ఆఫీసరు, "తెరుచుకునే రండి. పైకి పోదాం. అమ్మాయి వెనక కూర్చుంటుంది."

ఇలాంటిది పైన, ప్రమాదం లేని ఎత్తులో చేసి చూడొచ్చు. గాలిలో ఒక ఎత్తును నేల అనుకుని, దానికి నాలుగు వందల అడుగుల పైన ఇంజిన్ తగ్గించి, తిరిగి చూడాలి. ఆఫీసరు మూడు వేల అడుగులు నేల అన్నాడు. సార్ కంట్రోల్స్ పట్టుకున్నాడు. కింద పల్లి చేన్లు, మక్తల్ పోయే రోడ్డు చిన్నగా కనబడుతున్నాయి. మూడు వేల నాలుగు వందల దగ్గర ఆఫీసరు మాటల్లో పెట్టి, చెప్పకుండా ఇంజిన్ తగ్గించేశాడు. సార్ చెయ్యి వెంటనే కదలబోయింది. "ఆగండి" అన్నాడు ఆఫీసరు, "నిజంగా ఆగినప్పుడు ఏమైందో అర్థం కావడానికి ఈపాటి టైం పడుతుంది." ఓ నాలుగు అంకెలు లెక్కపెట్టాడు. "ఇప్పుడు తిరగండి."

సార్ తిప్పాడు. బాగానే తిప్పాడు, అది ఒప్పుకోవాలి. నేను వెనక సీట్లోంచి ముందుకు వంగి ఎత్తు చూపించే ముల్లునే చూస్తున్నాను. అది మూడు వేల రెండు వందల కిందికి పడింది, మూడు వేల వంద కిందికి పడింది. ఇంకా సగమే తిరిగాం. ఆయన రెక్కను ఇంకా వంచాడు. హెచ్చరిక హారన్ ఏడవడం మొదలుపెట్టింది. ముక్కు దించాడు, ముల్లు ఇంకా వేగంగా పడింది. రన్‌వే మాకు ఇంకా అడ్డంగానే ఉంది. ముల్లు మూడు వేల మీదుగా కిందికి పోయింది.

సార్ ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. నేను హెడ్‌సెట్ మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను.

"సార్, మనం సచ్చిపోయినం."

హారన్ ఒక్కటే మోగుతోంది. ఆఫీసరు ఇంజిన్ పెంచి, "విన్నారుగా, ఇక కిందికి పోదాం" అన్నాడు.

దిగాక చీఫ్ సార్ గాలి గురించి మాట్లాడాడు, మనుషుల బరువు గురించి మాట్లాడాడు. ఆఫీసరు కారు తలుపు వేసుకుంటూ, "అమ్మాయిని రేపటి నుంచి ఎక్కించండి. మీరే ఎక్కించండి" అని వెళ్లిపోయాడు. క్షమాపణ గిమాపణ ఏమీ లేదు. ఆయన చీఫ్‌గానే ఉన్నాడు. క్లాసులో ఆ మాట వెనక్కి తీసుకోలేదు, గుమ్మడికాయ కూడా తియ్యలేదు. నాకు సంతోషం కూడా రాలేదు. ఇన్నాళ్లు క్లాసుగదిలో కూర్చున్న మంట ఒక్క రాత్రిలో చల్లారేది కాదు.

మర్నాడు పొద్దున నేను ఎడమ సీట్లో, సార్ నా పక్కన, వెనక సీట్లో చూడడానికి కూర్చున్నది నాకు పేరు పెట్టినవాడు. ముగ్గురికీ హెడ్‌సెట్లు. నేల వదిలే ముందు, ఇంజిన్ ఆగితే ఏం చేస్తామో విద్యార్థి పైకి చెప్పాలి, ఇన్‌స్ట్రక్టర్ దాన్ని పైకి ఒప్పుకోవాలి. అది స్కూలు పద్ధతి. పెట్టింది ఆయనే.

రన్‌వే మొదట్లో బ్రేకులు తొక్కి పట్టుకుని చెప్పాను. "తక్కువ ఎత్తుల ఇంజిన్ ఆగితే ముందుకే దిగుత సార్. ఎనక్కి మర్లను."

ఆయన కిటికీలోంచి చూస్తూ తల ఊపాడు.

"తల ఊపితె అయితదా సార్? నోటితోటి చెప్పాలె."

"ఊఁ. సరే. పోనివ్వు."

"ఏం సరే సార్?"

"ముందుకే."

"ఇనబడలే సార్."

ఆయన మెడ ఎర్రబడింది. వెనక ఇంకో విమానం మా కోసం ఆగి ఉంది. నేను బ్రేకుల మీద నుంచి కాళ్లు తియ్యలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చోడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

"ముందుకే దిగాలి!" అని అరిచాడు, హెడ్‌సెట్లు గరగరలాడాయి. "వెనక్కి తిరగకూడదు! చాలా?"

వెనక సీట్లో ఎవరూ నవ్వలేదు.

"చాలు సార్" అని బ్రేకులు వదిలాను.